సగం తోడి ఆగాలి

నేను రోజుకు యాభై మందికి సూది గుచ్చుతాను. ఏఎస్ రావు నగర్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్ని. చంటిపిల్లలు, నరం దొరకని షుగరు ముసలమ్మలు, సూది చూడగానే కళ్లు తేలేసే జిమ్ము పహిల్వాన్లు, అందరినీ బుజ్జగించో బెదిరించో నెత్తురు తీసినదాన్ని. అలాంటి నాకు మా ఇంటి మనిషిని సూది ముందు కూర్చోబెట్టడం చేతకాలేదు. ఆ మనిషి మా పెద్దనాయన హనుమాండ్లు, మా నాన్నకు అన్న. అరవై ఏడేళ్లుంటాయి.

వినాయక చవితి నాటికి ఆయన కుడి మోకాలు కొద్దిగా ఉబ్బింది. నిమజ్జనం అయ్యేసరికి ప్యాంటులో పట్టలేదు. లుంగీ కట్టుకొని కుర్చీలో కాలు చాపుకొని కూర్చునేవాడు. చిప్ప మీద వేలు పెట్టి నొక్కితే నీళ్లలో వేసిన తాటిముంజెలా అటూ ఇటూ జారేది. పొద్దుగూకేసరికి ఒళ్లు వెచ్చబడేది.

"గదేం లేదు బిడ్డా, జర బెణికింది" అనేవాడు.

బెణికితే జ్వరమెందుకొస్తుంది? నా నోరు మంచిది కాదు, ఒప్పుకుంటాను. నాలుగు తిట్లు తిట్టి, ఆటోలో కుక్కి, మా సెంటరు పక్కనే ఉండే ఎముకల డాక్టరు విజయభాస్కర్ దగ్గరికి తీసుకుపోయాను.

డాక్టరు నొక్కి చూశాడు, ఎక్స్‌రే చూశాడు. "లోపల నీరు చేరింది. జ్వరం కూడా ఉంది కాబట్టి అది తీసి పరీక్షకు పంపాలి. చీము గనక ఉంటే రోజుల్లో కీలు పాడైపోతుంది. ఆ తర్వాత నడక కష్టం" అన్నాడు. పది నిమిషాల పని. నర్సు ట్రే కూడా తెచ్చి పెట్టింది.

పెద్దనాయన ట్రేలో ఉన్న పెద్ద సిరంజి వైపు చాలాసేపు చూశాడు.

"మొత్తం గుంజుతరా సారూ?"

"వచ్చినంతా తీసేస్తాం. అప్పుడే హాయిగా ఉంటుంది."

"అట్లయితే వద్దు" అన్నాడు. మంచం దిగి, చెప్పులు తొడుక్కొని, గోడ పట్టుకొని కుంటుకుంటూ బయటికి నడిచాడు. నాతో పనిచేసేవాళ్లు నలుగురు అక్కడే ఉన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆటోలో నాచారం వచ్చేదాకా నేను తిడుతూనే ఉన్నాను, ఆయన రోడ్డు చూస్తూనే ఉన్నాడు.

ఆయన సంగతి కొంచెం చెప్పాలి. మాది నాచారమే, తాతల కాలం నుంచి. వంకాయ, టమాట, ఆకుకూరలు పండించి ఉప్పల్ సంతకు పంపిన కుటుంబం. నాకు ఐదేళ్లప్పుడు మా నాన్న జంగయ్య మా పొలం బావిలో చనిపోయాడు. పూడిక తీయడానికి దిగితే మట్టిగోడ కూలి మీద పడింది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ నాగలి ముట్టలేదు. భూమి అమ్మేశారు. కొన్నవాళ్లు బావిని రాళ్లతో, కూల్చిన ఇళ్ల ఇటుకలతో నింపేశారు. తర్వాత అక్కడ నాలుగంతస్తుల అపార్టుమెంటు లేచింది. లేచిన నెలకే పెద్దనాయన పోయి, అక్కడ వాచ్‌మన్‌గా పెట్టుకోమని అడిగాడు. సొంత భూమి మీద కాపలా ఏంటని ఊళ్లో నవ్వారు. ఆయన ఖాకీ చొక్కా వేసుకొని కుర్చీ వేసుకున్నాడు. పద్దెనిమిదేళ్లుగా అదే కుర్చీ.

పార్కింగులో ఈశాన్యం మూల ఒక కారు పెట్టే జాగా ప్రతి వానాకాలం బెత్తెడు కుంగుతుంది. ఆ జాగా ఛాయాదేవి గారిది. రిటైరైన గవర్నమెంటు ఇంజనీరు, గుంటూరు వైపు ఆవిడ. "ఏంటి హనుమాండ్లూ, నా కారు మళ్లీ పక్కకి వాలింది. బిల్డరు ఏం కట్టాడో ఏమో" అంటుంది పాపం. పెద్దనాయన మాట్లాడకుండా ఇసుక మోసుకొచ్చి నింపుతాడు. కింద బావి ఉందని ఆవిడకు తెలియదు. అపార్టుమెంటులో ఎవరికీ తెలియదు.

ఆయనకు రెండు పిచ్చులు. ఒకటి, మోటారు. సంపులో నీళ్లు అడుగంటి మోటారు గాలి పీల్చే గరగర శబ్దం ఆయన చెవిన పడకూడదు. తింటున్న అన్నం వదిలేసి ఉరికి స్విచ్ ఆపేవాడు. రెండోది, సంపు కడగడం. నాచారం నుంచి ఉప్పల్ దాకా ఏ అపార్టుమెంటులో సంపు కడిగించాలన్నా ఈయనకే కబురు. ఇంకొకర్ని దిగనిచ్చేవాడు కాదు. కూలికొచ్చినవాళ్లను పైనే నిలబెట్టి, తనే దిగి, సిమెంటు నేల మీద మోకాళ్లేసి బ్రష్షుతో తోమేవాడు. మంచి మనిషి, ఎదుటివాడికి అపాయం రాకూడదని చూస్తాడు అనుకునేవాళ్లం. ఆ మోకాళ్లు అలాగే అరిగాయి.

నన్ను పెంచింది ఆయనే. పిల్లలు కలగలేదు. పెద్దమ్మ పోయి ఆరేళ్లయింది. నన్ను సైకిల్ మీద మల్కాజిగిరి కాలేజీకి దింపినవాడు, నా ప్రతి ఫారం మీద గార్డియన్ అని సంతకం చేసినవాడు ఆయనే. ఇంత చేసిన మనిషి మా నాన్న పేరు మాత్రం ఒక్కసారి ఎత్తలేదు. ఎప్పుడన్నా అనాల్సి వస్తే "మీ నాయిన", అంతే.

మా అమ్మ ముత్తమ్మ కూడా ఆ పేరు ఎత్తదు, కానీ ఆమె సంగతి వేరు. ఆమె కాలపు ఆడవాళ్లు మొగుడి పేరు నోట పలకరు. అది కాక ఆమెకు ఆయన మీద చెప్పలేనంత కోపం. అన్న వద్దన్నా వినకుండా బావిలో దిగి, ఐదేళ్ల పిల్లను ఒళ్లో పెట్టి పోయాడని. భాద్రపద అమావాస్యను మేం పెత్రమాస అంటాం, ఆ నాడు మా వైపు అందరూ చచ్చిపోయిన పెద్దల పేరు మీద గుడి దగ్గర పంతులుకు బియ్యం ఇస్తారు. అమ్మ మా తాతకు ఇస్తుంది, నాయనమ్మకు ఇస్తుంది. నాన్నకు ఒక్క ఏడు కూడా ఇవ్వలేదు.

"మాట ఇనకుండ పోయిన మొండి మనిషికి బియ్యమేంది? అన్న మాట ఇనలేదు, నా బిడ్డ మొకం జూడలేదు" అనేది.

నేను ఏ పనిలో పట్టు పట్టినా, "అయ్య మొండితనమే వచ్చింది దీనికి" అనేది. ముప్పై మూడేళ్లొచ్చాయి నాకు. పెళ్లి సంబంధం వద్దన్నప్పుడు, ఉద్యోగం మానను అన్నప్పుడు, అదే మాట. విని విని నేనూ నమ్మాను. కోపం వచ్చినప్పుడల్లా ఆ చచ్చిన మనిషి నా లోపల్నుంచి మాట్లాడుతున్నాడని భయపడేదాన్ని.

డాక్టరు దగ్గర్నుంచి పారిపోయిన మూడో రోజు, డ్యూటీ మధ్యలో పర్మిషన్ తీసుకొని అపార్టుమెంటుకు వెళ్లాను. మధ్యాహ్నం రెండు. పెద్దనాయన కుర్చీలో లేడు. కుంగిన జాగాలో కారు లేదు. ఆయన అక్కడ నేల మీద చెయ్యి ఆనించి, వాచిన కాలు పక్కకు చాపి, చెవి పెట్టి పడుకున్నాడు.

పిలిస్తే మెల్లగా లేచి కూర్చున్నాడు. ముట్టుకుంటే కాలిపోతున్నాడు.

"ఏం చేస్తున్నవ్ ఇక్కడ?"

"కారు తీసినంక రోజు చెవి పెట్టి ఇంట. ఏం సప్పుడు రాదు. రాకపోతేనే బుగులైతది."

కోపం ఆగలేదు నాకు. "కాలు కోసేస్తరు పెద్దనాయనా. అప్పుడు ఈ నేల మీద దేకుతవా? నీళ్లు గుంజితే ఏమైతది? నొప్పికి భయమా?"

"నొప్పి గాదు." మోకాలి మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. "బావిల నీళ్లున్నంత సేపు గోడకు ఫికర్ లేదు బిడ్డా. నీళ్లే గోడను పట్టుకొని ఉంటయి. ఒక్కపారే తోడేసినవనుకో, పట్టుకునేది లేక కూలుతది. మా నాయిన జెప్తుండె. సగం తోడి ఆగాలె. ఒక దినం గోడను ఆరనియ్యాలె. మర్నాడు మిగతాది."

"ఇది మోకాలు. బావి గాదు."

"నాకు తెల్వదా. గని ఆ సూది జూసినంక ఇంజను సప్పుడు ఇనవడ్డది."

నేను ఇంక తిట్టలేకపోయాను. పక్కన కూర్చున్నాను. ఆయన కారు జాగా గీతల్ని చూస్తూ చెప్పాడు. ఆ ఎండాకాలం మడులు ఎండిపోతున్నాయట. మర్నాడు మధ్యాహ్నం నుంచి కరెంటు ఉండదని తెలిసింది. సొంత మోటారుకు తోడు ఉప్పల్ నుంచి ఆయిల్ ఇంజను తెచ్చి, రెండూ ఒకేసారి పెట్టి, తెల్లారేసరికి బావి అడుగు చూశాడు. తాత చెప్పిన ఒక్క దినం ఆగలేదు.

"నేనే దిగమన్న" అన్నాడు.

"ఎవరిని?"

"మీ నాయినను. మధ్యాహ్నం దాంక కరెంటు ఉంటది, జల్ది దిగు, పూడిక తియ్యి అన్న. ఆయన ఒడ్డు మీద నిలవడి కిందికి జూసిండు. తూర్పు గోడ చెమట పట్టినట్టుంది, అన్నా, జర ఆగుదమే అన్నడు. నేను నవ్విన. పెండ్లాం కొంగు వట్టుకొని ఉంటవా అన్న. దిగిండు."

రోడ్డు మీద ఏదో బస్సు హారన్ కొడుతోంది. నాకు అదొక్కటే వినపడింది.

"మరి నువ్వు వద్దంటే వినలేదని..."

"పోలీసాయన అడిగిండు, ఎవరు దిగమన్నరని. ఊరంత నిలవడ్డది. మీ అమ్మ నిన్ను ఎత్తుకొని నిలవడ్డది. నా నోట్లెకెళ్లి వచ్చింది. నేను వద్దన్న, ఇనలే అన్న. ఒక్క మాట. మళ్ల ఎట్ల ఎన్కకు తీసుకోవాలెనో తెల్వలే."

నేను లేచాను. గేటు దాటాను. బస్సెక్కలేదు. నాచారం నుంచి ఉప్పల్ చౌరస్తా దాకా ఎండలో నడిచాను. ఆ కాలు కుళ్లిపోతే పోనీ అనుకున్నాను. మెట్రో స్తంభాల కింద నిలబడి, గట్టిగానే అనుకున్నాను. పక్కన పూలమ్మే ఆమె నా వైపు చూసింది. మొండివాడు కాదు మా నాన్న. ఆగుదామన్నాడు. ఆగుదామన్న మనిషికి ఇరవై ఎనిమిదేళ్లు పిడికెడు బియ్యం లేకుండా చేశాడు ఈయన, ఒక్క మాటతో. మళ్లీ అదే చేత్తో నాకు అన్నం తినిపించాడు. ఆ రెండూ ఒక మనిషిలో ఎలా పెట్టుకోవాలో నాకు అర్థం కాలేదు, ఇప్పటికీ కాదు.

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాడు.

"బిడ్డా, నువ్వు రాకున్నా మంచిదే. ఆ సారును ఒక్క మాట అడుగు. సగం తీసి ఒక దినం ఆగుతడా?"

నేను అన్నాను. "అడుగుత. కానీ ఆ ఆగిన దినం నువ్వు మా అమ్మ దగ్గరికి పోవాలె. పోతనంటేనే."

"పోత" అన్నాడు.

డాక్టరు విజయభాస్కర్ విసుక్కుంటాడనుకున్నాను. ఆయన పెద్దనాయన మొహం చూసి, "పరీక్షకు కొంచెం చాలు. కానీ మిగతాది రేపు అంటే రేపే. చీము కనిపిస్తే మాత్రం నా మాట వినాలి" అన్నాడు. సూది దిగింది. పెద్దనాయన నా వేళ్లు పట్టుకోబోయి, గుర్తొచ్చినట్టు మంచం అంచు పట్టుకున్నాడు. నేను ఆ చెయ్యి అందుకోలేదు. సిరంజిలోకి నీరు వచ్చింది. పసుపుపచ్చగా, కొంచెం మబ్బుగా.

"ఎర్రగ రాలేదా? మట్టి రంగు?" అని అడిగాడు.

"లేదు" అన్నాను.

ఆ నీరు పోసిన గొట్టాన్ని నా చేతులతోనే ల్యాబుకు తెచ్చుకున్నాను. స్లైడు చేసి రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. రోజూ చేసే పనే. ఆ రోజు మాత్రం కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకున్నాను. మా ల్యాబు డాక్టరు మేడం కూడా చూసింది. క్రిముల్లేవు, చీము లేదు. యూరిక్ యాసిడ్ ముక్కలు సన్నటి సూదుల్లా మెరుస్తున్నాయి, అంటే మందులతో తగ్గే గౌటు. క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ రిపోర్టు రావడానికి ఇంకా టైముంది, కానీ కాలు దక్కింది. నిన్న పోనీ అనుకున్న కాలు దక్కిందని నాకు ఏడుపొచ్చింది. సింకు దగ్గర నిలబడి ఏడ్చాను.

సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చాడు. అమ్మ గడపలో చేట పెట్టుకొని బియ్యంలో మట్టిగడ్డలు ఏరుతోంది. పెత్రమాస ఇంకో వారం ఉంది. "కూసో బావ, కాలెట్లున్నది?" అంది. ఆయన కూర్చోలేదు. తలుపు రెక్క పట్టుకొని నిలబడి చెప్పాడు. నాకు చెప్పినట్టే, ఒక్క మాట తగ్గించకుండా. కొంగు మాట కూడా చెప్పాడు.

అమ్మ చేతులు చేటలో ఆగిపోయాయి. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఒక్కటే అడిగింది.

"ఆగుదం అన్నడా?"

"అన్నడు."

ఆమె చేట తీసుకొని లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. ఆ ఇంట్లో ఆయనకు చాయ్ ఇవ్వకుండా పంపింది అదే మొదటిసారి.

మర్నాడు మిగతా నీరు తీయించాను. రెండు పెద్ద సిరంజిలు నిండాయి. చివర్లో ఇంక ఏమీ రాక, సూది ఒట్టి గాలిని పీల్చినట్టు గరగరమంది. ఎంత చిన్న చప్పుడో. పెద్దనాయన లేచి కూర్చొని "ఆపు సారూ, బంద్ జెయ్" అని డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు. ఒళ్లంతా చెమట. అప్పుడు నేను ఆయన భుజం పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో తెలియదు, పట్టుకున్నాను.

కట్టు కట్టాక దిగమన్నారు. ఆయన మంచం మీద నుంచి కాలు కిందికి వేలాడేసి, నేలకు ఆనించడానికి అయిదు నిమిషాలు తీసుకున్నాడు. ఆనించాడు. నిలబడ్డాడు. ఏదో కూలాలని ఎదురు చూస్తున్నట్టు అలాగే నిలబడ్డాడు. ఏదీ కూలలేదు. ఆయన మొహంలో సంతోషం మాత్రం లేదు.

అమ్మ ఆ వారమంతా ఎవరితోనూ మాట్లాడలేదు. నన్ను మొండిదానివని కూడా అనలేదు. పెత్రమాస పొద్దున నేను తలస్నానం చేసి వచ్చేసరికి ఆమె పక్కన పెద్ద బియ్యం సంచి ఉంది. సోలతో కొలుస్తోంది.

"ఇంత ఎందుకే?"

"ఇరవై ఎనిమిది సోలలు" అంది. "మీ పెద్దనాయనను రమ్మను. పంతులు పేరు అడుగుతడు గద. నేను జెప్పొద్దు."

"నేను చెప్త."

"నువ్వు గాదు."

గుడి దగ్గర మా పాత ఊరివాళ్లంతా వరసలో ఉన్నారు, చేటల్లో బియ్యం, గుమ్మడికాయ ముక్కలు, చింతపండు పెట్టుకొని. పెద్దనాయన ఉతికిన చొక్కా వేసుకొని వచ్చాడు. డాక్టరు వద్దన్నా పంతులు ముందు నేల మీద కూర్చున్నాడు, కట్టు కట్టిన కాలు చాపుకొని. అమ్మ మొదటి సోల నింపి పట్టుకుంది.

"ఎవరి పేరు మీదమ్మా?" అని పంతులు అడిగాడు.

అమ్మ పెద్దనాయన వైపు చూసింది.

ఆయన అందరికీ వినపడేలా అన్నాడు. "జంగయ్య. నా తమ్ముడు. ఆగుదమంటే నేనే దిగమన్న."

వరసలో వాళ్లు తలలు తిప్పి చూశారు. అమ్మ సోల వంచింది. మళ్లీ నింపి ఆగింది. ఆయన చెప్పేదాకా వంచలేదు.

"జంగయ్య."

మూడోది. నాలుగోది. పద్నాలుగు అయ్యేసరికి పెద్దనాయన గొంతు బొంగురు పోయింది. కాలు లాగుతోందని తెలుస్తోంది, చెయ్యి మోకాలి మీదికి పోతోంది. "మిగిలినవి వచ్చే ఏడాది ఇవ్వచ్చు తల్లీ" అన్నాడు పంతులు.

"లేదు పంతులు గారూ. ఇయ్యాల్నే" అంది అమ్మ.

నేను లెక్కపెడుతూనే ఉన్నాను. ఇరవై ఏడో పేరు ఊపిరిలా వచ్చింది. ఇరవై ఎనిమిదోదానికి ఆయన పెదాలు కదిలాయి, మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. రాలేదు. తల వంచుకొని ఏడవడం మొదలుపెట్టాడు. అమ్మ నిండిన సోల పట్టుకొని ఆయన వైపే చూస్తూ ఆగింది. సోల అంచు నుంచి గింజలు రాలుతున్నాయి.

"జంగయ్య" అంది మా అమ్మ.

ఆమె నోట ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి. ఆమె సోల వంచి, ఖాళీ సంచి మడతపెట్టి, చంకలో పెట్టుకుంది.